పేజరు మోగినా పరుగెత్తకు

సౌత్ బ్రన్స్‌విక్, న్యూజెర్సీ

చిరంజీవి బుజ్జికి,

మీ ఊళ్ళో వాలంటీర్ ఫైర్ కంపెనీలో చేరావనీ, వచ్చే నెల నుంచి సేర్‌విల్‌లోని మిడిల్‌సెక్స్ కౌంటీ ఫైర్ అకాడెమీలో ఫైర్‌ఫైటర్ వన్ క్లాసులు మొదలవుతాయనీ మీ అమ్మ కాకినాడ నుంచి ఫోన్ చేసి చెప్పింది. చెప్పిందనడం కన్నా దెబ్బలాడిందనాలి. "పెళ్ళి కావలసిన పిల్ల, చక్కగా ఉద్యోగం చేసుకుంటున్న పిల్ల, మంటల్లోకి వెళ్ళడమేమిట్రా? నీ బుద్ధులే వచ్చాయి దానికి" అంది. అక్క భయం నాకు అర్థమవుతుంది. నేను మా ఫైర్ కంపెనీలో చేరిన కొత్తలో మీ అత్తయ్యకూ ఇదే భయం. అక్కతో నేను మాట్లాడుకుంటాను, ఆ బెంగ నువ్వు పెట్టుకోకు. నీకు చెప్పవలసినవి చాలా ఉన్నాయి. ఫోన్లో చెబితే గాలికి పోతాయని రాస్తున్నాను.

నువ్వు చేసింది మంచి పని. ఎందుకంటున్నానో విను. ఇండియాలో మన ఊళ్ళో నిప్పంటుకుంటే 101కి ఫోన్ చేస్తాం, ప్రభుత్వం వారి ఫైరింజను వస్తుంది, జీతం తీసుకునే మనుషులు దిగుతారు. ఇక్కడ ఇళ్ళు కొనుక్కున్న మనవాళ్ళలో చాలామంది ఇక్కడా అంతే అనుకుంటున్నారు. తమ వంటింట్లో పొగ అలారం మోగినప్పుడు అర్ధరాత్రి వచ్చి చూసి వెళ్ళినవాళ్ళలో ఒకాయన ఎలక్ట్రీషియన్ అనీ, ఒకావిడ బడిలో టీచరనీ, తెల్లారగానే వాళ్ళు పనికి వెళ్ళాలనీ చెబితే నమ్మలేనట్టు చూస్తారు. ఈ దేశపు ఫైర్‌ఫైటర్లలో ఇంచుమించు మూడింట రెండు వంతుల మంది జీతం లేనివాళ్ళే. 1736లో ఫిలడెల్ఫియాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ యూనియన్ ఫైర్ కంపెనీ పెట్టినప్పుడు, తమలో ఎవరింటికి నిప్పంటుకున్నా తలా కొన్ని తోలు బకెట్లూ, సామాను మోసే సంచులూ పట్టుకుని రావాలని సభ్యులు ఒప్పందం రాసుకున్నారు. ఇప్పటి ఫైర్ కంపెనీలకు వేరు అక్కడే ఉంది.

మనకూ ఇది కొత్తేమీ కాదు. మీ తాతయ్యగారి ఊళ్ళో వేసవిలో తాటాకిళ్ళు అంటుకునేవి. పట్నం నుంచి ఫైరింజను వచ్చేలోపల ఊరు ఊరంతా కాలవ గట్టు నుంచి బిందెలు అందించుకునేది, కుర్రాళ్ళు పక్కింటి కప్పెక్కి తడిపేవాళ్ళు. ఎవరూ ఎవరినీ కులం అడిగేవాళ్ళు కాదు ఆ పూట. ఇక్కడ మన పేటల్లో తెలుగువాళ్ళ ఇళ్ళు వరసగా ఉన్నా ఫైర్ స్టేషనులో మాత్రం మన మొహాలు కనబడవు. పక్క రాష్ట్రం పెన్సిల్వేనియాలో 1970లలో మూడు లక్షలున్న వాలంటీర్లు 40 వేలకన్నా కిందికి పడిపోయారని అక్కడి శాసనసభ వేయించిన కమిషను 2018లో చెప్పింది. ఇక్కడా పరిస్థితి మెరుగ్గా లేదు. మనం ఇల్లు కొనుక్కున్న ఊరికి రాత్రి కాపలా ఎవరు కాస్తున్నారో మనకే పట్టకపోతే ఎలా?

ఇక అసలు సంగతి. ఈ పనిలో కొత్తవాళ్ళు పిరికితనం వల్ల దెబ్బతినరు, ఆగలేక దెబ్బతింటారు. సాయం చెయ్యాలన్న ఆత్రం ఉన్నవాళ్ళే కదా ఇందులో చేరేది. ఆ ఆత్రం నీలోనూ ఉంది, చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. అకాడెమీలో నేర్పేదంతా దాన్ని ఒక పద్ధతిలో పెట్టడానికే అనుకో.

రాత్రి రెండింటికి పేజరు మోగుతుంది. గుండె ఎగిరిపడుతుంది, ఎన్నేళ్ళయినా అది పోదు. లేచి కూర్చో. డిస్పాచరు చిరునామా రెండోసారి చెప్పేదాకా విను. కాలికి సరైన చెప్పులున్నాయో లేదో చూసుకో. కారు మామూలు వేగంతోనే నడుపు. నీ కారుకి నీలం లైటు పెట్టుకోవడానికి అనుమతి ఇస్తారు. ఆ లైటు ఎదుటివాళ్ళను దారి అడుగుతుంది, అంతే. న్యూజెర్సీ చట్టం ప్రకారం దానితో నీకు ఎర్రలైటు దాటే హక్కూ రాదు, వేగం మీరే హక్కూ రాదు. స్టేషనుకు చేరకుండానే దారిలో గుద్దుకుని చనిపోయిన వాలంటీర్లు ప్రతి ఏడూ ఉంటున్నారు, వాళ్ళలో నీ వయసు పిల్లలే ఎక్కువగా కనబడతారు నాకు. నువ్వు చేరేసరికి ఇంజను వెళ్ళిపోతే దాని వెనకాల నీ కారులో పడి వెళ్ళకు. రెండో బండికి మనిషి కావాలేమో అడుగు. అక్కరలేదంటే స్టేషనులో కూర్చో. అలా ఖాళీగా కూర్చున్న రాత్రులు నాకు చాలా ఉన్నాయి. అవీ పనే. రెండో పిలుపు వచ్చినప్పుడు స్టేషనులో మనిషి ఉన్నాడన్నది ఊరికి పెద్ద విషయం.

బండి ఎక్కాక ముందు బెల్టు. బండి కదులుతుండగా నిలబడి కోటు తొడుక్కోవాలనిపిస్తుంది, తొడుక్కోకు. కోటూ ప్యాంటూ కిందే వేసుకుని ఎక్కు.

డ్రిల్లు రాత్రుల గురించి ఎక్కువగా చెప్పాలి, ఎందుకంటే అక్కడే కొత్తవాళ్ళకు విసుగొస్తుంది. అదే గొట్టం మళ్ళీ లాగడం, అదే మడత మళ్ళీ పెట్టడం, చేతికి లావు గ్లౌజులు తొడుక్కుని అదే మాస్కు మళ్ళీ బిగించుకోవడం, ఆ తరవాత కళ్ళకు గంతలు కట్టుకుని బిగించుకోవడం. విసుక్కోకుండా చెయ్యి. పొగలో నీ చెయ్యి నీకు కనబడదు. అప్పుడు నీ వేళ్ళకు ఏది అలవాటో అదే చేస్తావు, పుస్తకంలో చదివింది గుర్తుకు రాదు.

హైడ్రెంటు పని మొదట్లో నీకే ఇస్తారు. చిన్నపనిగా చూడకు. మా ఇంజను టాంకులో పట్టేది 750 గ్యాలన్లు. ఒకటీ ముప్పావు అంగుళాల గొట్టం నిమిషానికి సుమారు 150 గ్యాలన్లు తాగేస్తుంది. లెక్క నువ్వే వేసుకో, ఐదు నిమిషాలు. లోపల నాజిల్ పట్టుకున్న ఇద్దరి ప్రాణం ఆ ఐదు నిమిషాల తరవాత నీ హైడ్రెంటు మీదే ఆధారపడి ఉంటుంది. గొట్టం బిగించకముందు ఒకసారి నీళ్ళు వదిలి చూడు. పిల్లలు అందులో రాళ్ళూ సీసాలూ పడేస్తుంటారు. ఇక్కడ చలికి గడ్డకట్టకుండా ఉండేలా చేసిన హైడ్రెంట్లలో కవాటం నేలలో లోతున ఉంటుంది, మూసినప్పుడు పైన మిగిలిన నీరు అడుగున ఉన్న చిన్న రంధ్రాల గుండా మట్టిలోకి ఇంకిపోతుంది. అందుకని సగం తిప్పి వదలకూడదు. పూర్తిగా తెరవాలి, లేకపోతే పూర్తిగా మూయాలి. సగంలో ఆపితే ఆ రంధ్రాల గుండా ఒత్తిడితో నీళ్ళు చిమ్మి కింద మట్టి కొట్టుకుపోతుంది. ఎన్ని చుట్లు తిప్పావో లెక్కపెట్టుకుంటూ తిప్పు. పంపు దగ్గరున్నవాళ్ళు "నీళ్ళు" అనేదాకా తెరవకు. తెరిచాక అక్కడి నుంచి కదలకు, మంట ఎంత పెద్దగా కనబడుతున్నా సరే. నువ్వు వదిలి వచ్చేస్తే ఆ చోట ఎవరూ లేరన్న సంగతి లోపలివాళ్ళకు తెలియదు. చలికాలంలో మీ వీధిలో హైడ్రెంటు చుట్టూ మంచు నువ్వే తవ్వు, పక్కింటివాళ్ళకూ చెప్పు.

గాలి సంగతి ఇంతకన్నా ముఖ్యం. వీపు మీద సిలిండరు "30 నిమిషాలు" అని ఉంటుంది. ఆ అంకె నమ్మకు. కోటు, బూట్లు, హెల్మెట్, ఎయిర్ ప్యాక్ కలిపి 20 కిలోలకు పైనే మోస్తూ, గొట్టం ఈడుస్తూ, వేడిలో మోకాళ్ళ మీద పాకుతుంటే అది 15, 20 నిమిషాల్లో అయిపోతుంది. మూడో వంతు మిగలగానే ప్యాక్ అలారం కొడుతుంది. ఆ మూడో వంతు నీ పనికోసం ఉంచింది కాదు, ఏదైనా అయితే నీకు సాయం వచ్చేదాకా బతకడానికి ఉంచింది. అలారం కొట్టేలోపలే బయటికి వచ్చేసి ఉండాలి. శిక్షణలో నువ్వు ఎంతసేపట్లో ఎంత గాలి వాడతావో రాసుకో. ఒక్కొక్కరి ఒంటి తీరు ఒక్కోలా ఉంటుంది. నీకన్నా బలంగా ఉన్న అబ్బాయి నీకంటే ముందే గాలి అయిపోగొట్టుకోవచ్చు. జట్టులో ఎవరి గాలి ముందు తగ్గితే జట్టంతా వాళ్ళతోనే బయటికి రావాలి. వాళ్ళను ఒంటరిగా పంపకూడదు. ఇద్దరు లోపల ఉంటే ఇద్దరు బయట సిద్ధంగా ఉండాలని 1998 నుంచీ కేంద్ర నిబంధన ఉంది. లోపల మనిషి చిక్కుకున్నట్టు తెలిస్తే తప్ప దాన్ని దాటకూడదు.

నువ్వు 30 సెకన్లు కదలకపోతే ఒంటి మీది పరికరం గట్టిగా అరుస్తుంది. దానికోసం ఆగకు. దారి తప్పినా, కాలు ఇరుక్కున్నా, జట్టు చేతికి అందకుండా పోయినా వెంటనే "మేడే" అని మూడుసార్లు రేడియోలో చెప్పు. ఎక్కడున్నావో, ఏ బండి మనిషివో, పేరేమిటో, గాలి ఎంత ఉందో, ఏం కావాలో చెప్పు. మనవాళ్ళలో, అందులోనూ ఆడపిల్లల్లో, "నా వల్ల అందరికీ ఇబ్బంది" అన్న మొహమాటం ఒకటుంటుంది. ఆ మొహమాటాన్ని స్టేషను బయటే వదిలెయ్. మేడే ఆలస్యంగా చెప్పినవాళ్ళను వెతకడం చాలా కష్టం. తొందరపడి చెప్పినవాళ్ళను ఎవరూ తిట్టరు. తిట్టే చీఫ్ ఉంటే ఆ కంపెనీ మారిపో.

1988 జులై 1న మన రాష్ట్రంలోనే హాకెన్‌సాక్‌లో కార్ల షోరూమ్ ఒకటి తగలబడింది. పైకప్పు చెక్క ట్రస్సులది. కింద నుంచి చూస్తే పెద్ద మంటేమీ కనబడలేదు, మంటంతా కప్పులోనే ఉంది. కప్పు కూలి ముగ్గురు అక్కడే చనిపోయారు. మరో ఇద్దరు పనిముట్ల గదిలో చిక్కుకుని రేడియోలో సాయం అడుగుతూనే ఉన్నారు. ఆ పిలుపులు అందుకోవలసినవాళ్ళకు సరిగా అందలేదు. గాలి అయిపోయి వాళ్ళూ పోయారు. నీకు రేడియో క్లాసు చప్పగా ఉందనిపించినప్పుడు ఇది గుర్తుచేసుకో. ఆ ప్రమాదం తరవాతే న్యూజెర్సీలో ట్రస్సులున్న భవనాల ముఖద్వారం దగ్గర త్రికోణం గుర్తు పెట్టాలని చట్టం వచ్చింది. "ఎఫ్" అంటే అంతస్తు, "ఆర్" అంటే కప్పు. ఇండియన్ గ్రాసరీ షాపుకి వెళ్ళినప్పుడు, హోటలుకి వెళ్ళినప్పుడు తలుపు పక్కన చూడటం అలవాటు చేసుకో. ఆ భవనానికే రేపు పిలుపు రావచ్చు.

ఇప్పుడు కొంచెం కటువైన విషయం. లైవ్ బర్న్ శిక్షణ ఉంటుంది నీకు, నిజమైన మంటతో. అకాడెమీలో కాంక్రీటు బర్న్ బిల్డింగులో, ఇన్‌స్ట్రక్టర్ల మధ్య అయితే నిర్భయంగా వెళ్ళు. కానీ ఎవరైనా "ఊరి చివర పాత ఇల్లు దొరికింది, ఆదివారం తగలబెట్టి ప్రాక్టీసు చేద్దాం" అంటే ఆగి అడుగు. 2001 సెప్టెంబరులో న్యూయార్క్ రాష్ట్రం లెయిర్డ్స్‌విల్‌లో ఒక వాలంటీర్ కంపెనీ అలాగే చేసింది. 19 ఏళ్ళ కొత్త కుర్రాణ్ణి, నిజమైన మంట ఒక్కసారైనా చూడనివాణ్ణి, చిక్కుకున్న మనిషిగా నటించమని మేడమీద పడుకోబెట్టారు. కింద ఫోము పరుపు అంటుకుంది. వాడు బయటికి రాలేదు. ఆ శిక్షణ నడిపిన అధికారికి కోర్టులో శిక్ష పడింది. నిజమైన మనిషిని బాధితుడుగా పెట్టకూడదని శిక్షణ ప్రమాణాల్లో అప్పటికే స్పష్టంగా ఉంది. చిన్నదాన్ని కదా, పెద్దవాళ్ళకు తెలియదా అని ఊరుకోకు. "సార్, రెండో గొట్టం ఎక్కడుంది? బయటికి దారి ఏది?" అని అడిగే హక్కు కొత్తగా చేరిన ప్రోబీకి కూడా ఉంది. మీ అమ్మ ఇంకా ఒప్పుకోలేదు, నా పూచీ మీద వెళుతున్నావు. అందుకని ఇంత గట్టిగా చెబుతున్నాను.

మంట ఇప్పుడు పాతకాలం మంట కాదు. అండర్‌రైటర్స్ లేబొరేటరీస్ వాళ్ళు పక్కపక్కన రెండు గదులు కట్టి, ఒకదాంట్లో పాత రకం కొయ్య, నూలు సామానూ, రెండోదాంట్లో ఇప్పటి ఫోము సోఫాలూ, సింథటిక్ తెరలూ పెట్టి కాల్చి చూశారు. ఇప్పటి గది 3 నిమిషాల 40 సెకన్లకే గది మొత్తం ఒక్కసారిగా అంటుకునే దశకు వచ్చింది. పాత గదికి 29 నిమిషాలకు పైగా పట్టింది. అంటే నువ్వు వెళ్ళేసరికి చాలా ఇళ్ళలో ఆ దశ అయిపోయి ఉంటుంది, లేదా నువ్వు తలుపు తెరిచిన క్షణాన వస్తుంది. గది మొత్తం అంటుకునేటప్పుడు కప్పు దగ్గర వేడి 600 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. ఆ వేడికి నీ కోటు నిన్ను కాపాడేది కొన్ని సెకన్లే. కాబట్టి ఆఫీసర్ చెప్పకుండా తలుపు తెరవకు, కిటికీ పగలగొట్టకు. గాలి దారి మారితే మంట దారి మారుతుంది. ఇంట్లో మీ రూమ్మేట్లకు కూడా చెప్పు: పడుకునేటప్పుడు పడకగది తలుపు వేసుకుని పడుకోమని. మూసిన తలుపు వెనకాల బతికినవాళ్ళున్నారు.

అయితే నీకు మొదటి ఆరు నెలల్లో నిజమైన మంట ఒక్కటీ రాకపోవచ్చు. మా స్టేషనుకు వచ్చే పిలుపుల్లో ఎక్కువ భాగం ఆటోమేటిక్ అలారాలు, రోడ్డు ప్రమాదాలు, కార్బన్ మోనాక్సైడ్ అలారాలు, గ్యాసు వాసన, గాలివానకు కరెంటు తీగల మీద పడ్డ చెట్లు. వీటిలోనే నువ్వు అందరికన్నా ఎక్కువ ఉపయోగపడతావు, ఎలాగంటావా?

మన అపార్టుమెంట్లలో సాయంత్రం ఆరింటికి వచ్చే అలారాల్లో చాలావాటికి కారణం తిరగమోతలో మాడిన ఎండుమిరపకాయలు. వెళ్ళినప్పుడు నవ్వు రావచ్చు, నవ్వకు. ఆ ఇంటి ఇల్లాలు సిగ్గుతో చచ్చిపోతుంటుంది. తరవాత ఆవిడ ఆ అలారం బ్యాటరీ తీసేస్తుంది, అదీ అసలు ప్రమాదం. అప్పుడు తెలుగులో నువ్వు చెప్పే రెండు మాటలు మా చీఫ్ ఇంగ్లీషులో చెప్పే పది మాటలకన్నా పనిచేస్తాయి. బ్యాటరీ తీయకండమ్మా, వంటింటికి కొంచెం దూరంగా పెట్టించండి, నూనె అంటుకుంటే నీళ్ళు పోయకండి, మూత పెట్టి పొయ్యి కట్టేయండి అని. దేవుడి మందిరం బీరువాలో పెట్టి, దీపం వెలిగించి, తలుపు దగ్గరకు వేసి ఆఫీసుకి వెళ్ళిపోయేవాళ్ళున్నారు. ఇల్లంతా వాసన వస్తుందని గరాజ్‌లో ప్రొపేన్ సిలిండరు పెట్టి గారెలూ చేపలూ వేయించేవాళ్ళున్నారు. పక్కనే కారు, దాని పక్కన పెయింటు డబ్బాలు, గడ్డి కోసే యంత్రానికి తెచ్చిన పెట్రోలు డబ్బా. తప్పని చెప్పాలి, చెప్పేటప్పుడు వాళ్ళ వంటనూ పూజనూ తక్కువ చెయ్యకుండా చెప్పాలి. అది నువ్వయితేనే చెయ్యగలవు.

ఇంకొకటి. మనవాళ్ళ ఇళ్ళలో పిల్లలను చూసుకోవడానికి విజిటర్ వీసా మీద ఆర్నెల్లకని వచ్చిన అమ్మమ్మలూ తాతయ్యలూ ఉంటారు. పగలు ఇంట్లో వాళ్ళే. 2005లో హైదరాబాదులో మొదలైన 108 వాళ్ళందరికీ తెలుసు, 911 నోటికి రాదు. ఇంగ్లీషు రాదు. తలుపు దగ్గర హెల్మెట్లూ మాస్కులూ వేసుకున్న మనుషులను చూసి లోపలికి వెళ్ళి దాక్కున్న పెద్దావిడ నాకు తెలుసు. అలాంటి చోట నువ్వు మాస్కు తీసి, "అమ్మమ్మగారూ, ఇంట్లో ఇంకా ఎవరున్నారండీ? పాప ఎక్కడ పడుకుంది?" అని అడిగితే వచ్చే జవాబుతో, ఇల్లంతా వెతకవలసినవాళ్ళు ఒక్క గది వెతికితే చాలు. ఆ ఒక్క ప్రశ్న అడగగలిగే మనిషి కోసమైనా ప్రతి స్టేషనులో మన పిల్లలు ఇద్దరుండాలని నేను కోరుకుంటాను. మీ ఊళ్ళో తెలుగు సంఘంవాళ్ళు బతుకమ్మో సంక్రాంతో చేస్తే చీఫ్‌ని అడిగి ఇంజను తీసుకెళ్ళు. పిల్లలు ఎక్కి చూస్తారు, పెద్దవాళ్ళకు 911 కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఇవ్వు.

హైవే మీద మాత్రం మంటకన్నా జాగ్రత్త కావాలి. రూట్ వన్ మీదో టర్న్‌పైక్ మీదో ప్రమాదం జరిగితే ఇంజనును అడ్డంగా ఏటవాలుగా నిలబెడతారు, మనకు గోడలాగా. ఆ గోడ లోపలే ఉండు. మెరిసే జాకెట్ వేసుకో, వస్తున్న కార్లకు వీపు పెట్టకు, వాటివైపు తలుపు తీసి దిగకు. వరదల్లో కూడా అంతే. 2021 సెప్టెంబరు 1 రాత్రి ఐడా తుఫానుకు న్యూజెర్సీలో ముప్పై మంది దాకా పోయారు, చాలామంది నీళ్ళు నిండిన రోడ్డులోకి కారు పోనిచ్చినవాళ్ళే. ఆ నీళ్ళలోకి శిక్షణ లేకుండా దిగిన ఫైర్‌ఫైటరు ఇంకొక బాధితుడవుతాడు. నీకు నీటి రక్షణ శిక్షణ వచ్చేదాకా గట్టునే ఉండి తాడు పట్టుకో. తుఫాను తరవాత జెనరేటరును గరాజ్‌లో పెట్టుకునేవాళ్ళుంటారు. 2012లో శాండీ తుఫాను అప్పుడు అలా పోయినవాళ్ళున్నారు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు. మీటరు ముందు వెళ్ళాలి, మనం వెనకాల వెళ్ళాలి.

నీ ఒంటి గురించి. విధిలో చనిపోయే ఫైర్‌ఫైటర్లలో దాదాపు సగం మంది గుండె ఆగి పోతున్నారు, కాలిపోయి కాదు. మన భారతీయులకు గుండెజబ్బూ షుగరూ చిన్న వయసులోనే వస్తాయని నీకు చెప్పక్కర్లేదు, మీ తాతయ్యను చూశావు. వయసులో ఉన్నా సరే కంపెనీ డాక్టరు పరీక్ష ఏదో కాగితం నింపే తంతుగా కానివ్వకు. మెట్లెక్కు, బరువులెత్తు, నీళ్ళు బాగా తాగు.

గేరు నీకు సరిపోయేలా అడిగి తీసుకో. వాలంటీర్లలో ఆడవాళ్ళు పదిమందిలో ఒకరు, అందుకని చాలా స్టేషన్లలో కోట్లూ గ్లౌజులూ మగవాళ్ళ కొలతల్లోనే ఉంటాయి. "సర్దుకుంటానులెండి" అనకు. వదులు గ్లౌజులో నాజిల్ జారుతుంది, వదులు కోటులోకి వేడి దూరుతుంది. జడ కిందికి వేసి ముడి పెట్టి హుడ్ లోపల పెట్టు. మాస్కు అంచు కింద ఒక్క వెంట్రుక ఉన్నా గాలి పోతుంది. ముక్కుపుడక, గాజులు, గొలుసు ఇంట్లోనే. మాస్కు సరిపోతుందో చూసే ఫిట్ టెస్టు అవి లేకుండానే చేయించుకో. నీతోపాటు చేరతానంటున్న నీ స్నేహితుడు ఏటా అయ్యప్ప దీక్ష తీసుకుంటాడని చెప్పావు. గడ్డం ఉంటే మాస్కు ముఖానికి అతకదు, కాబట్టి ఆ మండలం రోజులు లోపలికి వెళ్ళకూడదు. దీక్ష మానక్కర్లేదు. ముందే కెప్టెన్‌కి చెప్పి పంపు దగ్గరో, హైడ్రెంటు దగ్గరో, రోడ్డు మీదో పని అడగమను. చెప్పకుండా వచ్చి నిలబడితేనే తప్పు.

ఎవరికీ కనబడని ప్రమాదం ఇంకొకటుంది. 2022లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఫైర్‌ఫైటింగ్ వృత్తిని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. నల్లబడ్డ హెల్మెట్టూ మసి పట్టిన కోటూ గొప్ప అనుకునే పాతవాళ్ళుంటారు. వాళ్ళను గౌరవించు, ఆ అలవాటు మాత్రం నేర్చుకోకు. మంట దగ్గరే కోటు మీద నీళ్ళు కొట్టించుకో, మెడా చేతులూ తుడుచుకో, హుడ్ ఉతికించు. గేరు నీ కారులోనూ పడకగదిలోనూ పెట్టకు. ఇంటికి వెళ్ళగానే తలస్నానం చెయ్యి.

కాలిన ఇంటి ఫోటో ఎప్పుడూ తియ్యకు. మన వాట్సాప్ గ్రూపుల్లో పది నిమిషాల్లో ఎవరిల్లో, ఎంతకు కొన్నారో, భార్యాభర్తల గొడవేమిటో అన్నీ తిరుగుతాయి. "నువ్వు వెళ్ళావటగా, ఏమైంది?" అని అడుగుతారు. "నేను చెప్పకూడదండీ" అని చెప్పు, ఎంత దగ్గరివాళ్ళయినా సరే. మనిషి ఇంట్లో అన్నీ తెరిచి చూసే పని మనది. ఆ ఇంటి గుట్టు బయటపెట్టే హక్కు లేదు.

ఏదో ఒక రోజు నీకు నిద్ర పట్టని పిలుపు వస్తుంది. పిల్లలున్న కారు ప్రమాదం కావచ్చు. ఆ రాత్రి ఎవరితోనూ మాట్లాడకుండా ముసుగు తన్ని పడుకోకు. నీ జట్టుతో కూర్చో, కంపెనీలో కౌన్సెలర్ ఉంటే వెళ్ళు. నాకు ఎన్ని గంటలకైనా ఫోన్ చెయ్యి. అక్కకు చెప్పలేని మాటలు నాకు చెప్పవచ్చు.

డబ్బు విషయం ఒకటి. చాలా ఊళ్ళలో ఏళ్ళ తరబడి సేవ చేసినవాళ్ళకు ఏటా కొంత పదవీ విరమణ ఖాతాలో వేస్తారు. కొన్నిచోట్ల పిలుపుకింత అని కూడా ఇస్తారు. నువ్వు ఇంకా వీసా మీదున్నావు. ఒక్క డాలరు పుచ్చుకునేముందు ఇమిగ్రేషన్ లాయరును అడుగు. అలాగే పని వేళల్లో పిలుపులకు వెళ్ళవచ్చా అని మీ మేనేజరును ముందే అడిగి ఉంచు. ఉద్యోగం, చదువు, ఒళ్ళు మొదట చూసుకుని మిగిలిన టైమే స్టేషనుకి ఇవ్వు. వారానికి ఒక్క డ్రిల్లు రాత్రి మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ మానకు.

ఉగాదికి ఇంటికి రా. మీ అత్తయ్య పులిహోర చేస్తుంది. నా పాత హైడ్రెంటు రెంచి నీకిస్తాను, పట్టు బాగుంటుంది. అకాడెమీలో మొదటి లైవ్ బర్న్ అయిన రోజు తప్పకుండా ఫోన్ చెయ్యి. ఎంత పెద్ద మంట, ఎంత భయమేసింది అన్నవి తరవాత చెబుదువుగాని. బయటికి వచ్చేసరికి సిలిండరులో ఎంత గాలి మిగిలిందో ముందు చెప్పు.

దీవెనలతో,
మామయ్య